ఇద్దరు కలిసి చేసిన క్యాన్ బీర్: రెండో బ్రూవరీ రుచిలో ఉందా, పేరులోనే ఉందా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

మా బావమరిది అమెరికా నుంచి వస్తూ క్రాఫ్ట్ బీర్ క్యాన్లు తెచ్చాడు. హేజీ ఐపీఏ, అంటే మబ్బుగా, ఘాటు వాసనతో ఉండే ఒక రకం బీర్. క్యాన్ ముందువైపు రెండు బ్రూవరీల (బీర్ తయారుచేసే కంపెనీల) పేర్లు ఒకే సైజులో ఉన్నాయి, మధ్యలో గుణకారం గుర్తు. ఒకటి పడమటి తీరంలోని ఒరెగాన్‌ది, ఇంకొకటి తూర్పు తీరంలోని న్యూయార్క్‌ది. పేర్లు రాయను, రాస్తే మోడరేటర్ ప్రకటన అంటాడు. వెనక్కి తిప్పితే మాత్రం తయారుచేసి క్యాన్లలో నింపినది ఫలానా అని ఒరెగాన్ వాళ్ల పేరు ఒక్కటే, అది కూడా చీమ తలకాయంత అక్షరాల్లో.

ముందు రుచి సంగతి. గ్లాసులో పోస్తే మబ్బు పట్టినట్టు పసుపు రంగు, అంచుల దగ్గర కాస్త ముదురు. మొదట తగిలింది మామిడిపండు వాసన కాదు, మామిడి సొన. బేనీషా కాయ తొడిమ తుంచగానే చిమ్ముతుంది చూడండి, ఆ ఘాటు. దాని వెనక కమలా తొక్క. ఇంకా వెనక, రెండో గుక్క దాటాక, పల్చగా తేనె వాసన. నోట్లో మెత్తగా, కొంచెం చిక్కగా ఉంది. ఓట్స్ వేశామని క్యాన్ మీదే రాశారు. చేదు తక్కువ. ఆల్కహాల్ 6.8 శాతమట, గొంతులో మాత్రం ఏమీ మండలేదు. నురగ ఎక్కువసేపు నిలవలేదు. పక్కన మిరపకాయ బజ్జీలు ఉన్నాయి, నూనె మూతితో గ్లాసు తాకితే ఏ బీర్ నురగైనా అంతే. అడుగున కొట్టిన తేదీ ప్రకారం క్యాన్ చేసి నాలుగు నెలలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇందులో న్యూయార్క్ వాళ్లది ఏముంది? నన్నడిగితే ఏమీ లేదు. నీళ్లు, పులియబెట్టే ఈస్ట్, ట్యాంకులు అన్నీ ఒరెగాన్ వాళ్లవే. మా బావమరిది ఒప్పుకోడు, రెసిపీ ఇద్దరిదీ అంటాడు. బజ్జీలు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. మీరేమంటారు?

మోడరేటర్

21 ఏళ్లు దాటినవాళ్ల చర్చ ఇది. ఎక్కడ దొరుకుతుంది, ఎంతకిస్తారు, బోర్డర్ ఎలా దాటించాలి అనే పోస్టులు తీసేస్తాం. మిగతాది కానివ్వండి.

బురుజు నీడ (కర్నూలు)

సప్తగిరన్నా, నీ ప్రశ్నలోనే జవాబుంది. మల్టీస్టారర్ పోస్టర్ చూడు, ఇద్దరు హీరోల ముఖాలూ ఒకే సైజు. లోపల రెండో ఆయన ఇంటర్వెల్ తర్వాత పదిహేను నిమిషాలు కనిపించి పోతాడు. ఇదీ అంతే. న్యూయార్క్ ఆయన విమానం దిగుతాడు, రబ్బరు బూట్లు వేసుకుని తెడ్డు పట్టుకుని ఫొటో దిగుతాడు, సాయంత్రం అక్కడి బీర్ తాగి పడుకుంటాడు. ఇద్దరి అభిమానులూ కొంటారు. నాలుగు క్యాన్ల ప్యాక్‌కి ఇరవై డాలర్లు పెడుతున్నారంటే బీర్‌కి కాదు, ఆ గుణకారం గుర్తుకి.

ఇంకో మాట. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కలో 5 శాతం దాటితే 8 దాకా స్ట్రాంగ్ బీరే. మీ 6.8 కూడా స్ట్రాంగే అన్నమాట. మనవాళ్లు 650 సీసా పట్టుకుంటే ముఖం చిట్లించి, దీన్ని మాత్రం వాసన చూసి మరీ మెచ్చుకోవడం నాకు ఎక్కదు.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు, ఇప్పుడు బెంగళూరు)

నేను బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో పనిచేస్తున్నా. తెడ్డు ఫొటో మాట నిజమే, మేమూ దిగుతాం. కానీ బురుజన్నా, ఫొటో దిగిన రోజే పని అనుకుంటే ఎలా?

బ్రూ చేసే రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్నే మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజల్ని, మరపట్టి, 66 డిగ్రీల చుట్టుపక్కల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతాం. ఓట్స్ ఎక్కువ పడితే ఆ గుజ్జు జిగురుగా మారి వడకట్టేటప్పుడు నీళ్లు దిగవు, అందరం దాని చుట్టూ నిలబడి టెన్షన్ పడాల్సిందే. వడకట్టి, ఇంకో గంట కాచి, చల్లార్చి, ఈస్ట్ వేసేసరికి సాయంత్రం. అతిథి బ్రూవర్ ఆ ఒక్క రోజే ఉంటాడు. ఇక్కడిదాకా మీరన్నది ఒప్పుకుంటా.

హేజీ ఐపీఏకి వాసన తెచ్చేది మాత్రం ఆ రోజు కాదు. కాచేటప్పుడు వేసిన హాప్స్ (ఒక తీగకి పూసే పూలు) చేదునిస్తాయి, వాటి నూనెలు చాలావరకు ఆవిరైపోతాయి. వాసన కోసం రోజుల తర్వాత, పులిసే ట్యాంకులోనే మళ్లీ హాప్స్ వేస్తాం. దాన్ని డ్రై హాపింగ్ అంటారు. ఏ రకం వేయాలి, లీటరుకి ఎన్ని గ్రాములు, ఈస్ట్ ఇంకా పనిలో ఉండగా వేయాలా, పని ముగిశాక వేయాలా, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని రోజులు: ఇవన్నీ రెసిపీ షీట్‌లో ఉంటాయి. ఆ షీట్ మీద ఇద్దరు బ్రూవర్లు ముందే మెయిళ్లలో కొట్టుకుని ఉంటారు. హాప్స్ వేసే రోజుకి అతిథి ఊళ్లో లేకపోవచ్చు. అతను చెప్పిన అంకె ఉంటుంది.

సప్తగిరన్నా, మీరు పట్టిన సొన వాసన ఊహ కాదు. హాప్స్ నూనెలో మిర్సీన్ అనే వాసన పదార్థం బాగా ఉంటుంది, మామిడిలోనూ అదే ఉంటుంది. మీ ముక్కు మంచిదే.

ఇక అతిథి వల్ల ఏం మారుతుందంటారా? 2007లో జర్మనీలో కెల్‌హైమ్‌లోని ష్నైడర్ బ్రూవరీ, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ బ్రూవరీ కలిసి ఒక గోధుమ బీర్ చేశాయి. అటు హాన్స్ పీటర్ డ్రెక్స్‌లర్, ఇటు గ్యారెట్ ఆలివర్ బ్రూవర్లు. జర్మన్ గోధుమ బీర్ అంటే ఈస్ట్ ఇచ్చే అరటిపండు, లవంగం వాసనే, హాప్స్ పేరుకి మాత్రమే వేస్తారు. దాన్ని అమెరికన్ పద్ధతిలో డ్రై హాపింగ్ చేశారు. ఇంకా మంచి సంగతి, దాన్ని రెండు ఊళ్లలోనూ బ్రూ చేశారు. కెల్‌హైమ్‌లో హాలర్‌టావ్ ప్రాంతపు సఫీర్ హాప్స్ వేశారు, బ్రూక్లిన్‌లో అమరిల్లో, పాలిసేడ్ అనే రకాలు వేశారు. ష్నైడర్ వాళ్లు ఆ తరహా బీర్‌ని ఆ తర్వాత కూడా తమ లిస్టులో ఉంచుకున్నారు. అతిథి ఒక్క పూట ఉండి పోయినా, జర్మనీ వాడి చెయ్యి మారింది కదా!

ల్యాబ్ కోటు (కడప)

నేను బీర్ తాగను. డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను, ఈస్ట్ మాట వినబడి ఆగాను.

పెన్న ఒడ్డు గారు హాప్స్ గురించి చెప్పినదంతా బాగుంది. ట్యాంకులోకి వెళ్లిన హాప్స్ వాసన వెళ్లినట్టే బయటికి రాదు. ఉదాహరణకు హాప్స్‌లో జెరానియోల్ ఉంటుంది, గులాబీ వాసన. ఈస్ట్ దాన్ని కొంతవరకు సిట్రోనెల్లోల్‌గా మార్చేస్తుంది, అది నిమ్మజాతి వాసన వైపు వెళ్తుంది. ఎంత మారుతుందనేది ఈస్ట్ రకాన్ని బట్టి, అది ఎంత బలంగా ఉందనేదాన్ని బట్టి. ఆ ఈస్ట్ ఒరెగాన్ బ్రూవరీ తన ట్యాంకుల్లో తరాల తరబడి వాడుకుంటున్నదైతే, న్యూయార్క్ ఆయన రాసిచ్చిన హాప్స్ కూడా ఒరెగాన్ రుచిలోకే తిరుగుతాయి.

మన ఈత కల్లు తీసుకోండి. అందులో ఎవరూ ఈస్ట్ వేయరు. చెట్టు మీది నుంచి, కుండ గోడల నుంచి, గాలిలోంచి వచ్చి చేరుతుంది. ఈస్ట్‌తో పాటు బ్యాక్టీరియా కూడా. తెల్లవారుజామున దించితే తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. గీసే మనిషి ఒక్కడే అయినా కుండ మారితే కల్లు మారుతుందని గీసేవాళ్లే చెప్తారు. కాబట్టి నా ఓటు సప్తగిరి గారికే. ఆయన నీళ్లు, ట్యాంకులు అన్నారు, వాటి కంటే ఈస్ట్ గట్టి కారణం.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు, ఇప్పుడు బెంగళూరు)

మేడమ్, ఈస్ట్ విషయం కాదనను. కానీ ఈస్ట్ ఎప్పుడూ ఇంటివాళ్లదే కావాలని లేదు. ఏ ఈస్ట్ వేద్దాం అనేది కూడా ఆ మెయిళ్లలో తేలేదే. అతిథి తన ఈస్ట్ పంపడమూ ఉంది, ఇద్దరూ కలిసి బయట ల్యాబ్ నుంచి కొత్తది తెప్పించుకోవడమూ ఉంది. క్యాన్ మీద అది రాయరు, అంతే.

పెనుకొండ టు అట్లాంటా

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2018 నవంబర్‌లో కాలిఫోర్నియాలో క్యాంప్ ఫైర్ అనే పెద్ద కార్చిచ్చు ప్యారడైజ్ అనే ఊరిని దాదాపు బూడిద చేసింది. పక్కనే చికోలో ఉన్న సియెరా నెవాడా బ్రూవరీ 'రెసిలియన్స్' అని ఒక ఐపీఏ రెసిపీ తయారుచేసి, మీరూ చేయండి, అమ్మిన డబ్బు బాధితులకివ్వండి అని దేశంలో ఉన్న బ్రూవరీలందరికీ పంపింది. 1,400కు పైగా బ్రూవరీలు చేశాయి.

అప్పుడు నేను రెండు చోట్ల తాగాను. రెసిపీ ఒకటే, పేరు ఒకటే. ఒకటి ఎర్రటి రంగులో గట్టి చేదుతో, దేవదారు చెక్క వాసనతో ఉంది. ఇంకొకటి మెత్తగా, దాదాపు తియ్యగా ఉంది. పక్కపక్కన పెడితే ఒకే కాగితం చూసి చేశారని ఎవరూ చెప్పరు. కాగితం ఇద్దరిదైనా చెయ్యి ఎవరిదో వాళ్లదే బీర్.

మంచి పనికి చేసినది కాబట్టి దానికి నేను వంక పెట్టను. ఇక్కడ వాదన రుచి గురించి కదా.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు, ఇప్పుడు బెంగళూరు)

పెనుకొండన్నా, అది వేరే కథ. ఒకరు రాసి అందరికీ పంచిన రెసిపీ అది. అక్కడ ఇద్దరు కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఎవరి దగ్గరున్న హాప్స్, మాల్ట్‌తో వాళ్లు సర్దుకున్నా ఆశ్చర్యం లేదు. పైగా మీరు చెప్పినది నా వాదనకీ పనికొస్తుంది. రెండో చెయ్యి పడితే రుచి మారుతుందని మీరే అంటున్నారు!

బురుజు నీడ (కర్నూలు)

సరే, నేనొకటి ఒప్పుకుంటా. ఎక్కడైతే రెండు బీర్లూ నిజంగా ఒక పాత్రలో కలిశాయో, అక్కడ రెండు పేర్లూ వేసుకోవచ్చు. కొలరాడోలో ఏవరీ, కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ అని రెండు బ్రూవరీలు ఉన్నాయి. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు 'సాల్వేషన్' అనే పేరుతో బీర్లు అమ్ముతున్నారు. కోర్టుకెక్కాల్సిన చోట ఇద్దరూ కూర్చుని, రెండు సాల్వేషన్లనూ కలిపి 2006లో ఒక బీర్ తెచ్చారు. పేరు 'కొలాబరేషన్ నాట్ లిటిగేషన్', అంటే కోర్టు గొడవ కాదు, కలిసి పని. అందులో ఎవరిది ఎంత అనేది కొలిచి చెప్పొచ్చు. అది కలపడం. సప్తగిరన్న తాగినది సలహా.

ఇంకో ప్రశ్న కూడా. ఇంత ఖరీదు బీర్‌ని రేకు డబ్బాలో పోయడమేంది? సీసాలో ఉంటే ఆ లోహపు వాసన ఉండదు కదా?

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు, ఇప్పుడు బెంగళూరు)

డబ్బా లోపల పూత ఉంటుంది అన్నా, బీర్ లోహాన్ని తాకదు. మూతి పెట్టి తాగితే అంచు వాసన ముక్కుకి తగులుతుంది, గ్లాసులో పోసుకుంటే సరి. బీర్ డబ్బాలు 1935 నుంచి అమ్మకంలో ఉన్నాయి. ఎండ తగిలితే హాప్స్ చేదు విరిగి గంధకపు కంపు పుడుతుంది, పచ్చ సీసాల్లో ఆ బెడద ఎక్కువ. డబ్బాలోకి వెలుతురే పోదు.

ఎండ అంటే గుర్తొచ్చింది. సప్తగిరన్నా, ఆ నాలుగు నెలలూ క్యాన్లు ఎక్కడున్నాయి? హేజీ ఐపీఏ ఫ్రిజ్‌లో ఉంటేనే రెండు మూడు నెలలు మంచిది. ఆక్సిజన్ కొంచెం దూరినా రంగు ముదురుతుంది, హాప్స్ వాసన తగ్గి తేనె వాసన వస్తుంది, తర్వాత తడిసిన అట్ట వాసన. అంచుల దగ్గర ముదురు, చివర్లో తేనె అని మీరే రాశారు. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి అనంతపురం దాకా కారు డిక్కీలో వచ్చి ఉంటే ఆ మూడు గంటల వేడి కూడా కలుపుకోండి. మీరు తాగినది ఒరెగాన్‌దీ కాదు, న్యూయార్క్‌దీ కాదు. ఎన్‌హెచ్ 44ది.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

హైవే మీద వేసినా బాగుంది కానీ అన్నా, తేదీ చూసుకునే నేను ప్రశ్న అడిగింది. ఈ పాతదనమే నా వైపు సాక్షి.

మీ లెక్క ప్రకారమే చూద్దాం. అతిథి వంతు ఎక్కువగా చివర్లో వేసే హాప్స్‌లో ఉంది. వేడికి, వయసుకి ముందుగా పోయేది కూడా ఆ వాసనే. పోయాక మిగిలింది ఏమిటి? మెత్తదనం, నోట్లో చిక్కదనం, ఈస్ట్ ఇచ్చే అడుగు రుచి. అవి ఇంటి యజమానివి. అంటే న్యూయార్క్ ఆయన ఆ క్యాన్‌లో మూడు నెలలు అద్దెకున్నాడు. పేరు మాత్రం సొంతింటి వాడి సైజులో వేశారు. ఎందుకు?

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు, ఇప్పుడు బెంగళూరు)

ఆ ఓట్స్ వేయమన్నది ఎవరో మీకెలా తెలుసు? హేజీ ఐపీఏ తరహా పుట్టిందే అమెరికా తూర్పు తీరంలో. పడమటి తీరపు పాత పద్ధతి ఐపీఏ తేటగా, గట్టి చేదుతో ఉంటుంది. ఒరెగాన్ వాళ్లు న్యూయార్క్ మనిషిని పిలిచారంటే ఆ మెత్తదనం కోసమే పిలిచి ఉండొచ్చు. మీరు ఇంటి యజమాని ఖాతాలో రాసినదే అతిథిది అయ్యుండొచ్చు. క్యాన్ చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ల్యాబ్ కోటు (కడప)

అలాగైతే పరీక్ష పెట్టుకోండి, వాదన ఎందుకు? రుచి పరీక్షల్లో మామూలుగా చేసేదే ఇది. మూడు గ్లాసులు. రెండింటిలో ఒకే బీర్, మూడోదాంట్లో వేరేది. రంగు కనబడకుండా కళ్లకు గంత. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒక్కరు ఒక్కసారి చెప్తే చాలదు, చాలామందితో, మళ్లీ మళ్లీ చేయాలి. ఒరెగాన్ వాళ్ల సొంత హేజీ ఐపీఏ ఒకటి, కలిసి చేసినది ఒకటి. రెండింటి తేదీలూ దగ్గరగా ఉండాలి. తేడా పట్టలేకపోతే బురుజు నీడ గారు గెలిచినట్టే.

బజ్జీలు పరీక్ష అయ్యాక.

బురుజు నీడ (కర్నూలు)

మేడమ్, పట్టగలిగినా నేను ఓడినట్టు కాదు. ఒకే బ్రూవరీ చేసే రెండు బీర్ల మధ్య తేడా ఎప్పుడూ ఉంటుంది, లేకపోతే రెండు ఎందుకు చేస్తారు? ఆ తేడా న్యూయార్క్ ఆయన వల్లే వచ్చిందని గ్లాసు ఎలా చెప్తుంది?

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు, ఇప్పుడు బెంగళూరు)

ఇది మాత్రం మంచి ప్రశ్న. అయితే మూడు రకాలు కావాలి. ఒరెగాన్ వాళ్ల సొంతది, న్యూయార్క్ వాళ్ల సొంతది, కలిసి చేసినది. ముందు మేడమ్ చెప్పినట్టు తేడా ఉందా లేదా చూడాలి. ఉంటే, కలిసి చేసినది ఆ రెండింటిలో దేనికి దగ్గరో పేర్లు చెప్పకుండా అడగాలి. ఎక్కువమంది న్యూయార్క్ వైపు చెయ్యి చూపిస్తే రెండో పేరుకి పని ఉన్నట్టు. రెండింటికీ దూరంగా ఉంటే ఇంకా మేలు, ఇద్దరూ విడిగా చేయనిది కలిసి చేశారని అర్థం. మా దగ్గర కలిసి బ్రూ చేసినప్పుడు మేం ఆశపడేది దానికే. దొరికేది ఎక్కువసార్లు ఆ రెండింటికీ నడిమి రకం.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

పరీక్షకి నేను సిద్ధం. మా బావమరిది సంక్రాంతికి మళ్లీ వస్తున్నాడు. కస్టమ్స్‌లో మనిషికి రెండు లీటర్లే, వాళ్ల క్యాన్ 473 మి.లీ., అంటే నాలుగు క్యాన్లతో లెక్క సరి. మూడు రకాలు, ఇంతమంది నాలుకలు అంటే ఎనిమిది క్యాన్లైనా కావాలి. ఈసారి మా చెల్లెలు, అంటే వాడి భార్య, కూడా వస్తోంది. ఆమె వంతు రెండు లీటర్లు అడిగి చూశాను. పిల్లల బట్టల మధ్య బీర్ డబ్బాలు పెట్టనని ఫోన్‌లోనే చెప్పేసింది. వాళ్లాయన్ని బతిమాలమన్నాను.

బురుజు నీడ (కర్నూలు)

తెస్తే చెప్పు, కర్నూలు నుంచి బస్సెక్కి వస్తా. గంతలు నేనే కడతా, నీ బావమరిదికి ముందు కడతా. ఫ్రిజ్‌లో పెట్టు, డిక్కీలో ఐస్ పెట్టె వేసుకుని పో ఎయిర్‌పోర్టుకి. మళ్లీ హైవే మీద తోస్తే కుదరదు.